బెలూన్ పెడితే బతుకుతాడా?

(ఖమ్మంలో రిటైర్డు ఉద్యోగుల సమావేశంలో ఒక పెర్ఫ్యూజనిస్టు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. వినపడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

ముందుగా ఒక చిన్న సవరణ. నన్ను పరిచయం చేసిన పెద్దాయన ప్రేమకొద్దీ 'డాక్టరుగారు' అన్నారు. నేను డాక్టర్ని కాను, పెర్ఫ్యూజనిస్టుని. గుండె ఆపరేషన్‌లో గుండెను కాసేపు ఆపినప్పుడు ఒంట్లో రక్తాన్ని తిప్పే మిషన్ ఒకటుంటుంది. దాని ముందు కూర్చునే మనిషిని. ముప్పై ఏళ్ళు అదే పని. పేషెంటుకి సర్జన్ పేరు గుర్తుంటుంది, మత్తు డాక్టరు పేరు కూడా ఒక్కోసారి గుర్తుంటుంది, నా పేరు మాత్రం ఎవరికీ తెలియదు. అదీ ఒకందుకు మంచిదే, తిట్లు కూడా నా దాకా వచ్చేవి కావు.

థియేటర్ లోపల నాకు కష్టం అనిపించిన రోజులు తక్కువ. కష్టమంతా బయట, కారిడార్లో. అర్ధరాత్రి ఒక కొడుకో, ఒక భార్యో కాన్సెంట్ ఫారం చేత్తో పట్టుకుని నిలబడతారు. ఐసీయూలోకి మిషన్ తోసుకుంటూ వెళ్తున్న నన్ను ఆపుతారు. అడిగేది ఒకటే. "సార్, బెలూన్ పెడితే బతుకుతాడా?" ఈ ప్రశ్నకి నా దగ్గర సూటి జవాబు ఎప్పుడూ లేదు. ఇవాళ కూడా లేదు. కానీ ఎందుకు లేదో చెప్పగలను. అదే చెప్దామని వచ్చాను.

ముందు ఈ 'బెలూన్' అన్న మాటతో వచ్చే తిప్పలు చూడండి. మీలో యాంజియోప్లాస్టీ అయినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి... అబ్బో, చాలామందే ఉన్నారు. మీకు వేసింది చిన్న బెలూన్. గుండె రక్తనాళంలో బ్లాక్ ఉన్నచోట ఉబ్బించి, దారి వెడల్పు చేసి, స్టెంట్ పెట్టి, బెలూన్ తీసేస్తారు. నేను చెప్పేది అది కాదు. ఇది బ్లాక్ జోలికే పోదు. అందుకే కారిడార్లో గొడవ. "బెలూన్ వేస్తే బ్లాక్ పోతుంది కదా, మళ్ళీ బైపాస్ ఎందుకంటున్నారు, డబ్బు కోసమా?" అని అడిగినవాళ్ళున్నారు. వాళ్ళ తప్పేం లేదు. రెండింటికీ ఒకే పేరు పెట్టి, తేడా చెప్పకుండా సంతకం అడిగింది మేమే.

మా బెలూన్ పొడుగ్గా, సన్నగా, కీర దోసకాయలా ఉంటుంది. పెద్దవాళ్ళకి మామూలుగా 40 మిల్లీలీటర్లది. తొడ దగ్గర రక్తనాళంలోంచి పైకి తోసి, గుండె నుంచి కిందికి దిగే పెద్ద ధమనిలో, అంటే బృహద్ధమనిలో ఉంచుతారు. దీని గొట్టం బయట ఒక మిషన్‌కి తగిలిస్తారు. ఆ మిషన్ గుండె కొట్టుకునే లయ చూసుకుంటూ బెలూన్‌ని ఉబ్బిస్తుంది, ముడుస్తుంది. పూర్తి పేరు ఇంట్రా అయార్టిక్ బెలూన్ పంప్. మేం 'ఐఏబీపీ' అంటాం, తొందరలో ఉంటే 'పంపు పెట్టండి' అంటాం.

ఇది ఎలా పనిచేస్తుందో మీ చేతుల్లోనే చూపిస్తా. అందరూ కుడిచెయ్యి ముందుకు పెట్టండి. పిడికిలి గట్టిగా బిగించండి. ఇంకా గట్టిగా. ఐదు లెక్కపెట్టండి. ఇప్పుడు తెరిచి అరచెయ్యి చూడండి. తెల్లగా పాలిపోయింది కదా? చూస్తుండగానే మళ్ళీ ఎర్రబడుతోంది. గుండె కథ ఇదే. గుండె ముడుచుకున్నప్పుడు ఒళ్ళంతటికీ రక్తం పంపుతుంది. కానీ తన సొంత కండలో ఉన్న నాళాల్ని ఆ బిగింపులో తనే నొక్కేసుకుంటుంది. ఊరందరికీ వడ్డించి, తను ఆఖర్న తినే ఇల్లాలి లాంటిది. తన కండకి కావలసిన రక్తంలో ఎక్కువ భాగం తను వదులైనప్పుడే తీసుకుంటుంది.

సరిగ్గా ఆ వదులైన క్షణంలో మా బెలూన్ ఉబ్బుతుంది. ధమనిలో ఉన్న రక్తాన్ని వెనక్కి, పైకి నెడుతుంది. అది గుండె నాళాల్లోకి, మెదడు వైపుకి వెళ్తుంది. మళ్ళీ గుండె ముడుచుకోబోయే ముందు బెలూన్ చటుక్కున ముడుచుకుంటుంది. అక్కడ ఖాళీ ఏర్పడుతుంది కాబట్టి గుండెకి ఎదురు తక్కువ, తక్కువ బలంతోనే రక్తాన్ని బయటికి తోయగలుగుతుంది. ఒక పక్క తిండి ఎక్కువ, ఇంకో పక్క చాకిరీ తక్కువ.

నిమిషానికి 100 సార్లు కొట్టుకునే గుండె అనుకోండి. ప్రతి దెబ్బకీ ఒకసారి ఉబ్బి ముడవాలి. రోజుకి లక్షా నలభై నాలుగు వేల సార్లు. మామూలు గాలితో ఆ వేగం రాదు. అందుకే హీలియం వాడతాం. తిరునాళ్ళలో పిల్లల బుడగల్లో నింపుతారే, అదే. తేలికైన వాయువు, సన్నటి గొట్టంలో కూడా పరుగెత్తుతుంది. టైమింగ్ కొంచెం తప్పినా ఉపకారం పోయి అపకారం వస్తుంది. గుండె ఇంకా రక్తం తోస్తుండగానే బెలూన్ ఉబ్బిందనుకోండి, బయటికి వస్తున్నవాడి మొహం మీద తలుపు వేసినట్టే. అందుకే ఆ మిషన్ పక్కన మనిషి ఉండాలి.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. ఈ బెలూన్ గుండెకి బదులు పనిచెయ్యదు. సాయం మాత్రమే చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె నిమిషానికి సుమారు ఐదు లీటర్లు పంపుతుంది. బెలూన్ వల్ల అదనంగా వచ్చేది అర లీటరు, బాగా కలిసొస్తే ఒక లీటరు. ఎడ్లు బండి లాగుతుంటే వెనక నుంచి చెయ్యేసినట్టు. ఎడ్లు కూలబడితే మన చెయ్యి బండిని లాగదు.

దీని పుట్టుక గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. డయాలిసిస్ మిషన్ పేరు మీకందరికీ తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నెదర్లాండ్స్‌లో దాన్ని తయారుచేసిన డాక్టరు విలెం కోల్ఫ్. ఆయనే తర్వాత అమెరికా వచ్చి క్లీవ్‌లాండ్‌లో పనిచేస్తుండగా, 1962లో ఆయనా, గ్రీసు దేశం నుంచి వచ్చిన స్పిరిడాన్ మౌలోపౌలోస్ అనే డాక్టరూ కలిసి ధమనిలో బెలూన్ పెట్టే పద్ధతి బయటపెట్టారు. మనిషికి వాడి చూపించింది ఏడ్రియన్ కాంట్రోవిట్జ్. 1967లో, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో. హార్ట్ ఎటాక్ వచ్చి షాక్‌లోకి, అంటే గుండె సరిపడా రక్తం పంపలేక బీపీ పడిపోయే స్థితిలోకి, వెళ్ళిన ఒకావిడకి పెట్టారు. కొన్ని గంటలు నడిపారు. ఆవిడ బతికింది. అదే 1967లో, అదే క్లీవ్‌లాండ్‌లో రెనె ఫవలోరో కాలి సిర తీసి గుండెకి బైపాస్ వేశాడు. అంటే బైపాసూ, ఈ బెలూన్ పంపూ ఈడుజోడు పిల్లలు. మొదట్లో బెలూన్ పెట్టాలంటే తొడ కోసి రక్తనాళం బయటికి తీయాల్సి వచ్చేది. 1980 ప్రాంతానికి సూదితోనే ఎక్కించే పద్ధతి వచ్చింది. అక్కణ్ణించి దీని వాడకం బాగా పెరిగింది.

ఇప్పుడు అసలు విషయానికి. బైపాస్‌కి ముందే దీన్ని ఎందుకు పెడతారు?

బైపాస్‌లో ప్రమాదమంతా కత్తి పెట్టాకే మొదలవుతుందని అనుకుంటారు. కాదండీ. నాకు గుండె దడ పుట్టించిన నిమిషాలు కత్తి పెట్టకముందువి. మత్తు ఇస్తున్న నిమిషాలు. మత్తు మందుకి బీపీ పడుతుంది. మామూలు మనిషికైతే సర్దుకుంటుంది. కానీ గుండెకి రక్తం ఇచ్చే ఎడమ నాళం మొదట్లోనే, లెఫ్ట్ మెయిన్ అంటాం, అక్కడ తొంభై శాతం బ్లాక్ ఉండి, గుండె పంపింగ్, అంటే గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి బయటికి తోసే వంతు, పాతికో ముప్పయ్యో శాతం ఉన్నవాడికి? బీపీ పడితే గుండెకి రక్తం అందదు, గుండెకి అందకపోతే బీపీ ఇంకా పడుతుంది. అది సుడిగుండం. అందులోంచి లాగడం చాలా కష్టం.

ఒకాయన గుర్తొస్తాడు నాకు. బస్సు కండక్టర్. యాంజియోగ్రామ్ చేస్తుండగానే నొప్పి మొదలైంది. మందులు ఎక్కిస్తున్నా తగ్గడం లేదు. చెమటలు, చూపులో భయం. రాత్రి పదిన్నరకి నన్ను పిలిచారు. బెలూన్ పెట్టారు, నేను మిషన్ ఆన్ చేశాను. పది నిమిషాల్లో నొప్పి దిగింది. "ఏదో బరువు తీసేసినట్టుందయ్యా" అన్నాడు. మానిటర్ మీద గీతలు చూస్తే ముచ్చటేసింది. తెల్లారి బైపాస్ చేశారు, పదో రోజున నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు. అలాంటి రాత్రి ఒకటి చూశాక మనిషికి ఏమనిపిస్తుంది? ఈ బెలూన్ ప్రాణం పోస్తుందనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. చాలా ఏళ్ళు అలాగే చెప్పాను కూడా.

మానిటర్ మీద గీతలు బాగుపడటం వేరు, మనిషి ఇంటికి వెళ్ళడం వేరు. ఈ రెండూ ఒకటి కావని తెలుసుకోవడానికి మా రంగానికి చాలాకాలం పట్టింది.

లెక్కలు చూద్దాం. కంగారుపడకండి, ఎక్కువ చెప్పను. 1990ల చివర్లో స్విట్జర్లాండ్‌లో, జెనీవాలో, క్రిస్టెన్సన్ అనే సర్జన్ బృందం ఒక పని చేసింది. బైపాస్‌కి వచ్చిన హైరిస్క్ పేషెంట్లని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఆపరేషన్‌కి ముందే బెలూన్, ఇంకో గుంపుకి లేదు. ముందే పెట్టినవాళ్ళు మెరుగ్గా ఉన్నారు, చావులు తక్కువ. ప్రపంచమంతా ఆ మాట పట్టుకుంది. 2011లో అమెరికా వాళ్ళ బైపాస్ మార్గదర్శకాల్లో కూడా, రెండోసారి బైపాస్ అయినా, పంపింగ్ 30 శాతం కంటే తక్కువున్నా, లెఫ్ట్ మెయిన్ బ్లాక్ ఉన్నా, బెలూన్ పెట్టడం సబబే అని రాశారు.

మరి ఇందులో లోపం ఎక్కడ? ఆ అధ్యయనాలు చిన్నవి. ఒక్కోదాంట్లో యాభై, అరవై మంది. పైగా ఒకే చోట, ఒకే బృందం. మీ వీధిలో అరవై మందిని అడిగి రాష్ట్రంలో ఎవరు గెలుస్తారో చెప్పినట్టు. నిజమూ కావచ్చు, కాకనూ పోవచ్చు.

తర్వాత ఇటలీలో, మిలాన్ దగ్గర, 110 మందితో చేశారు. పంపింగ్ 35 శాతం కంటే తక్కువున్నా బీపీ నిలకడగా ఉన్నవాళ్ళు. 2013లో ఫలితం వచ్చింది. ముందే బెలూన్ పెట్టడం వల్ల ఒరిగిందేమీ కనపడలేదు. 2018లో బ్రెజిల్, సావో పాలో నుంచి ఇంకోటి వచ్చింది. గుండె ఆపరేషన్‌కి వెళ్తున్న 181 మంది హైరిస్క్ పేషెంట్లు. ముప్పై రోజుల్లో చావులూ పెద్ద కాంప్లికేషన్లూ కలిపి లెక్కేస్తే, బెలూన్ పెట్టిన గుంపులో 47.8 శాతం, పెట్టని గుంపులో 46.1 శాతం. అటూ ఇటూ ఒకటే.

వీటి మధ్యలో 2012లో జర్మనీ నుంచి పెద్ద దెబ్బ తగిలింది. అది బైపాస్ గురించి కాదు, హార్ట్ ఎటాక్ వచ్చి షాక్‌లో ఉన్నవాళ్ళ గురించి. ఎక్కువమందికి చేసింది స్టెంట్లే. 600 మంది. నెల రోజుల్లో బెలూన్ ఉన్నవాళ్ళలో 39.7 శాతం పోయారు, లేనివాళ్ళలో 41.3 శాతం. తేడా లేదనే లెక్క. దాంతో యూరప్‌లో షాక్ వచ్చిన ప్రతివాళ్ళకీ మామూలుగా పెట్టేయొద్దన్నారు. ఆ పేపరు చదివిన రోజు నేను మిషన్ పక్కనే కూర్చుని ఉన్నాను. మిషన్ టక్ టక్ మని కొట్టుకుంటోంది. నిజం చెప్పొద్దూ, కోపం వచ్చింది.

మీలో ఒకరు ఇప్పుడు అడగాలి, మరి మామూలు రికార్డులు తీసి చూడొచ్చు కదా, బెలూన్ పెట్టినవాళ్ళు ఎంతమంది బతికారు, పెట్టనివాళ్ళు ఎంతమంది అని? చూస్తే ఏమొస్తుందో తెలుసా? బెలూన్ పెట్టినవాళ్ళే ఎక్కువమంది పోతారు. ఎందుకు? ఆసుపత్రికి అంబులెన్సులో వచ్చినవాళ్ళూ ఉంటారు, ఆటోలో వచ్చినవాళ్ళూ ఉంటారు. అంబులెన్సులో వచ్చినవాళ్ళలో చావులెక్కువ. అంటే అంబులెన్సు చంపుతోందా? ఆటోలో వస్తే బతికిపోతామా? మరీ విషమంగా ఉన్నవాళ్ళకే బెలూన్ పెడతారు కాబట్టి లెక్క అలా వస్తుంది. అందుకే చీటీలు తీసి చేసే పరీక్షకి అంత విలువ.

కానీ ఆ పరీక్షలోనూ ఒక చిక్కుంది. మా కండక్టర్ లాంటివాణ్ణి, నొప్పితో మెలికలు తిరుగుతున్నవాణ్ణి, చీటీ తీసి "నీకు బెలూన్ లేదు" అని ఏ డాక్టరు అంటాడు? అనడు. అందుకని ఆ పరీక్షల్లోకి వచ్చేది చాలావరకు కాస్త నిలకడగా ఉన్నవాళ్ళే. నిలకడగా ఉన్నవాడికి సాయం అక్కర్లేదు, కాబట్టి సాయం చేసినా తేడా కనపడదు. నాకు అర్థమైనది ఇది. పంపింగ్ తక్కువ ఉందన్న ఒక్క కారణంతో, నిమ్మళంగా ఉన్న మనిషికి 'ఎందుకైనా మంచిది' అని బెలూన్ పెట్టడానికి ఆధారం లేదు. నొప్పి ఆగనివాడికి, గుండె గోడ చిల్లుపడ్డవాడికి, ఆపరేషన్ టేబుల్ దాకా చేరడమే అనుమానంగా ఉన్నవాడికి పెట్టడం వేరే సంగతి. ఈ రెండో రకం మీద గట్టి లెక్క ఎవరి దగ్గరా లేదు. అక్కడ డాక్టరు కన్ను, అనుభవం.

ఇంతకన్నా బలమైన మిషన్లు రాలేదా అంటే వచ్చాయి. ఒకదాని కథ నాకు భలే ఇష్టం. రిచర్డ్ వాంప్లర్ అనే అమెరికా డాక్టరు 1970ల్లో ఈజిప్టు వెళ్ళినప్పుడు, అక్కడి పల్లెలో మరమేకు లాంటి గొట్టాన్ని తిప్పుతూ నీళ్ళు పైకి తోడటం చూశాడట. మనకి ఏతం ఎలాగో వాళ్ళకి అది. అక్కణ్ణించి ఆయనకి, గుండెలోనే ఒక చిన్న మర తిప్పితే రక్తాన్ని తోడెయ్యొచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది. 1988లో మనిషికి వాడారు. ఇవాళ ఇంపెల్లా అని పిలిచేది ఆ దారిలో వచ్చిందే. ఇది సాయం చేసి ఊరుకోదు, ఎడమ గదిలోంచి రక్తాన్ని తనే తోడి ధమనిలో పోస్తుంది.

2024లో డెన్మార్క్, జర్మనీ, బ్రిటన్ కలిసి చేసిన పరీక్షలో, పెద్ద హార్ట్ ఎటాక్‌తో షాక్‌లో ఉన్నవాళ్ళకి ఇది పెడితే ఆరు నెలల్లో 45.8 శాతం పోయారు, పెట్టకపోతే 58.5 శాతం. ఇంతకాలానికి ఒక మిషన్ వల్ల ప్రాణాలు దక్కాయని లెక్క తేలింది. కానీ ఉత్తపుణ్యానికి రాలేదు. రక్తస్రావాలు, కాలికి రక్తం ఆగడం, డయాలిసిస్ అవసరం పడటం, అన్నీ పెరిగాయి. ఇదీ స్టెంట్ల పేషెంట్లదే ఎక్కువ, బైపాస్‌కి ముందు పెట్టి చూసిన లెక్క కాదు. పైగా ధర సామాన్యుడికి అందేది కాదు. ఇక ఎక్మో, రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించి మళ్ళీ ఒంట్లోకి పంపే మిషన్. కరోనా టైంలో ఆ పేరు అందరూ విన్నారు. 2023లో హార్ట్ ఎటాక్‌తో షాక్‌లో ఉన్నవాళ్ళని రెండు గుంపులు చేసి చూస్తే, అది పెట్టినవాళ్ళలో చావులు 47.8 శాతం, పెట్టనివాళ్ళలో 49 శాతం. మిషన్ పెద్దదైతే ఫలితం పెద్దదవుతుందని ఏమీ లేదు.

నన్ను బాగా ఆలోచింపజేసిన పరీక్ష ఇంకా పాతది, 1999లో వచ్చింది. షాక్‌లో ఉన్న 302 మంది. ఒక గుంపుకి వెంటనే బైపాసో, యాంజియోప్లాస్టీయో చేశారు. రెండో గుంపుకి ముందు మందులతో కుదుటపరిచి, తర్వాత చూద్దామన్నారు. రెండు గుంపుల్లోనూ నూటికి 86 మందికి మా బెలూన్ ఉంది. ఆరు నెలలకి చూస్తే, వెంటనే చేసినవాళ్ళలో 50 శాతం పోయారు, ఆగినవాళ్ళలో 63 శాతం. బెలూన్ రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉంది కదా? మరి తేడా ఎక్కడిది? మూసుకున్న దారి తెరవడంలో ఉంది. బెలూన్ పెట్టాక "హమ్మయ్య, కుదురుకున్నాడు" అని రెండు రోజులు ఊరుకుంటే, బెలూన్ సంపాదించిపెట్టిన టైం మనమే పోగొట్టినట్టు.

ఊరుకుంటే ఇంకో నష్టమూ ఉంది. కాలు. బెలూన్ గొట్టం తొడ నాళంలో ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ళకీ, చుట్టలూ బీడీలూ తాగినవాళ్ళకీ ఆ నాళాలు ముందే సన్నగా ఉంటాయి. నేను పనిచేసిన ఒక చోట, పేరెందుకు లెండి, ఒకావిడకి ఆపరేషన్ బ్రహ్మాండంగా అయింది. రాత్రి డ్యూటీ మారింది. పాదం చల్లబడింది. దుప్పటి కప్పి ఉంది, ఎవరూ ముట్టుకుని చూడలేదు. నేనూ గీతలే చూశాను, పాదం చూడలేదు. గుండె దక్కింది, రెండు వేళ్ళు తీయాల్సి వచ్చింది. ఆవిడ నన్నేం అనలేదు. ఆ తర్వాత నేను ఏ బెడ్ దగ్గరికి వెళ్ళినా ముందు దుప్పటి ఎత్తి పాదం పట్టుకునేవాణ్ణి, తర్వాతే మానిటర్.

మీ వాళ్ళకెవరికైనా ఇది పెడితే మీరూ ఆ మాట అడగండి. "కాలు వెచ్చగా ఉందా, ఎడమచేతి నాడి దొరుకుతోందా, మూత్రం సరిగా వస్తోందా?" ఎడమచెయ్యి ఎందుకంటే, బెలూన్ పైకి జరిగితే ఆ చేతికెళ్ళే దారి మూసుకుంటుంది. కిందికి జారితే కిడ్నీలకెళ్ళేది మూసుకుంటుంది. ఆ కాలు మడవకూడదు, మంచం మీద నిటారుగా కూర్చోకూడదు. పేషెంటు "కాస్త కూర్చోబెట్టరా" అని బతిమాలితే, మీరు జాలిపడి లేపకండి.

ప్రశ్నలుంటే అడగండి. ...ఆరోగ్యశ్రీలో ఉందా అంటున్నారు. బెలూన్ పంపుతో బైపాస్ అని విడిగా ప్యాకేజీ ఉంది. మీ పేషెంటుకి వర్తిస్తుందా అన్నది అక్కడి ఆరోగ్యమిత్రని అడగండి.

...అమ్మా, మీరు గట్టిగా చెప్పండి. మీ అన్నయ్యకి బెలూన్ పెట్టకుండానే ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు, అది నిర్లక్ష్యమా అంటున్నారు. నేను కేసు చూడలేదు కాబట్టి తీర్పు చెప్పను. కానీ గుండె నుంచి పెద్ద ధమనిలోకి తెరుచుకునే కవాటం బాగా లీకవుతున్నా, ఆ ధమని గోడ చీలినా బెలూన్ పెట్టకూడదు. కాళ్ళ నాళాలు మూసుకుపోయినా పెట్టడం కష్టం. బీపీ నిలకడగా ఉంటే అవసరమూ ఉండకపోవచ్చు. పెట్టలేదు కాబట్టి వదిలేశారనుకోకండి. ఎందుకు పెట్టలేదో అడిగే హక్కు మాత్రం మీకుంది.

...కరెంటు పోతే? ఇది మంచి ప్రశ్న. మిషన్‌కి బ్యాటరీ ఉంటుంది, గంటన్నర, రెండు గంటలు వస్తుంది. హీలియం సిలిండరూ దాంట్లోనే. అసలు భయం ఏంటంటే, బెలూన్ ఒంట్లో ఉండి అరగంట కదలకుండా ఆగిపోతే దాని మీద రక్తం గడ్డకడుతుంది. ఒకసారి క్యాత్ ల్యాబ్ (యాంజియోగ్రామ్ చేసే గది) నుంచి థియేటర్‌కి పేషెంట్ని తీసుకెళ్తూ లిఫ్టులో ఇరుక్కున్నాం. మంచం, మిషన్, మత్తు డాక్టరు, నర్సు, నేను. ఇరవై నిమిషాలు. బెలూన్ మాత్రం టక్ టక్ మని కొట్టుకుంటూనే ఉంది. చీకట్లో పేషెంటు అడిగాడు, "ఆ చప్పుడు నాదేనా?" అని. మీదేనండీ అన్నాను.